రెండో చరణం

మౌలాబీకి వచ్చినన్ని పాటలు దాచేపల్లి చుట్టుపక్కల మిరపకోత కూలీల్లో ఇంకెవరికీ రావు. కాకపోతే ఒక్క పాటా పూర్తిగా రాదు. తప్పు ఆమెది కాదు. ఇంట్లో రేడియో లేదు, టేప్ రికార్డరు లేదు. పాటంటే ఆమెకు దారిన పోతూ చెవిన పడిందే. బస్సు డ్రైవరు టేపు వేస్తే, చరణం అందుకునేసరికి దిగాల్సిన స్టేజీ వచ్చేది. పక్క ఊళ్లో పెళ్లివారి మైకు వినపడి చెవి రిక్కిస్తే, పల్లవి కాగానే గాలి అటు తిరిగి మిగతాది ఇంకెవరికో పోయేది. అయినా ఆమె దిగులు పడలేదు. పల్లవీ, ఒక చరణం ముక్కా దొరికితే చాలు, చిరిగిన బొంతకు పాత చీర ముక్క వేసి కుట్టినట్టు మిగతాది తనే కట్టేసేది.

చేలో ఆమె ఎత్తుకుంటే ముఠాలో ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. మిరపకోతలో పాట సరదా కోసం మాత్రమే కాదు. ఎవరి సాలు వాళ్లు పట్టుకుని పొద్దస్తమానం వంగి కాయ కోస్తుంటే నడుములు పట్టేస్తాయి, ఘాటుకు ముక్కులు కారతాయి, ఎండకు మాడు కాలుతుంది. పాట ఉంటే చేతులన్నీ ఒకే ఊపులో పడతాయి. వెనకబడిన మనిషి కూడా పాట ఎక్కడ తప్పిపోతుందోనని గబగబా కోసుకుంటూ వరసలోకి వచ్చేస్తుంది. అందుకే రైతు యలమందయ్య కోతలకు మనుషుల్ని పిలవడానికి వస్తే, ఎంతమంది వస్తారని తరవాత అడిగేవాడు. ముందు మాత్రం, "మౌలాబీ వచ్చిద్దా?" అనేవాడు.

ఇన్ని పాటల్లో ఒక్కటి మాత్రం ఆమెను ముప్పై ఏళ్లుగా వదలకుండా పట్టుకుంది. అది ఆమె పెళ్లినాడు మైకుసెట్టువాళ్లు వేసిన సినిమా పాట. పెళ్లికూతురికి తల వంచుకుని కూర్చోవడం తప్ప వేరే పనేముంటుంది? పుట్టి బుద్ధెరిగాక ఒక పాటను తీరిగ్గా కూర్చుని వినడం మౌలాబీకి అదే మొదలు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. మధ్యలో ఫ్లూటూ వయొలిన్లూ అయ్యాయి. రెండో చరణానికి గాయని గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

పోయిన కరెంటు తిరిగి వచ్చేలోగా మౌలాబీ అత్తగారి ఊరు వెళ్లిపోయింది. ఆ సినిమా ఆడినట్టు లేదు, ఆ పాట మళ్లీ ఎక్కడా చెవిన పడలేదు. పోతే పోయిందిలే అని వదిలేసే మనిషి కాదు ఆమె. పెళ్లయిన ఏడే, మిరపకోతల్లో, రెండో చరణం తనే కట్టింది.

ఎర్రచీర కట్టిన చేలో ఏరి ఏరి అలిసితిని
ఎండపొద్దు వాలేదాక ఎదురుచూసి నిలిచితిని
ఏకిన దూదల్లే మావ ఎగిరెగిరి వస్తాడే
మెత్తంగ నా అలుపంతా హత్తుకుని పోతాడే

ఆమె భర్త సుభానీది దూదేకుల పని. ఇంటింటికీ తిరిగి పాత పరుపుల్లోని దూది ఏకి, మళ్లీ నింపి కుట్టి ఇస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టునిండా, కనురెప్పలనిండా తెల్లటి దూది. కొత్త పెళ్లికూతురు ఆ మనిషిని చూసి నవ్వాపుకోలేకపోయేది, చూడకుండా ఉండలేకపోయేది కూడా. చరణం అక్కడినుంచే వచ్చింది. కాకపోతే చేలో ఊరంతా వినేలా పాడే ఆ పాటను ఇంట్లో ఒక్కసారి కూడా పాడలేదు. మొదట సిగ్గనుకుని మానేసింది. తరవాత పిల్ల పుట్టింది, పనులు పెరిగాయి, సిగ్గు అలవాటైపోయింది.

ముఠాలో వాళ్లతో ఆ చరణం సినిమాలోదేనని ఆమె చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అసలు చరణం ఎలా ఉంటుందో వినాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది. అది వింటే తను కట్టింది ఎందుకూ పనికిరానిదని తేలిపోతుందేమోనని భయం. వినకుండానే పోతానేమోనని అంతకన్నా భయం.

రెండువేల తొమ్మిదిలో, కోతలు మంచి ఊపులో ఉండగా, మౌలాబీ కూతురు నగ్మా ఇంటికి ఒక టచ్‌ఫోన్ తెచ్చింది. నగ్మా దాచేపల్లిలో ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. ఫోనుతోపాటు ఇయర్‌ఫోన్స్ కూడా వచ్చాయి. వాటిని తల్లి చెవుల్లో పెట్టి ఒక పాట వేసింది. మౌలాబీ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో నెత్తిమీద నిలబడి పాడుతున్నారనుకుని. ఎవరూ లేరు. పాట తలకాయ లోపలినుంచే వస్తోంది.

"నగ్మా! నా బుర్రలో పాడతందే ఇది!" అని అరిచింది.

"అమ్మా, మెల్లిగా. నీకు వినపడకపోతే మాకూ వినపడదా ఏంటి?" అంది నగ్మా.

"ఏంటీ?" అని ఇంకా గట్టిగా అరిచింది మౌలాబీ. ఆ పూట ఆమె సుభానీని అన్నానికి పిలిచిన పిలుపుకు పక్కవీధిలో ఇద్దరు లేచొచ్చారు.

వారం తిరక్కుండా ఆమెకు పాటలన్నీ మొదటినుంచి చివరిదాకా వినడం అలవాటైపోయింది. కొన్ని పాటల అసలు చరణాలు విని పొంగిపోయింది. కొన్ని విని, "ఇంతోటి దానికి ఇన్నేళ్లు ఆగానా?" అని మూతి తిప్పింది. అప్పుడు అడిగింది కూతుర్ని, తన పెళ్లినాటి పాట కావాలని. ఏ సినిమా అంటే తెలియదు. ఎవరు పాడారంటే తెలియదు. ఇక లాభం లేదని నగ్మా ఆమెను ఆదివారం దాచేపల్లిలో కరీముల్లా సెల్ షాపుకు తీసుకెళ్లింది. మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించడంలో కరీముల్లాకు ఆ సెంటర్లో పేరుంది.

"పల్లవి తెలిస్తే చెప్పండమ్మా, టైపు చేస్తాను" అన్నాడు కరీముల్లా.

చెప్పడం మౌలాబీకి చేతకాదు. పాడింది. చేలో ఆ చివరి సాలుదాకా వినపడేలా పాడడమే ఆమెకు తెలుసు. షాపు ముందు సిమెంటు లారీ ఆపి డ్రైవరు తల బయటపెట్టాడు, టీకొట్టు దగ్గర గ్లాసులు చేతుల్లో ఆగిపోయాయి. నగ్మాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. కరీముల్లా మాత్రం రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి, టైపు చేయడం మరిచి, పాట అయ్యేదాకా విన్నాడు.

"చాలా పాతదమ్మా. నా దగ్గర లేదు. గుంటూరులో మావాణ్ణి అడిగి తెప్పిస్తాను. దొరికితే మీ అమ్మాయికిస్తాను" అన్నాడు.

దొరికింది. రెండురోజుల తరవాత నగ్మా మధ్యాహ్నం సెలవు పెట్టి, బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా యలమందయ్య చేలోకే నడిచింది. సాలు మధ్యలో వంగి ఉన్న తల్లికి ఫోను ఎత్తి చూపించింది.

"అమ్మా! దొరికింది!"

మౌలాబీ ఒళ్లోని కాయలు అక్కడే గుమ్మరించి, గట్లూ మొక్కలూ చూసుకోకుండా వచ్చింది. కూతురి చేతిలోంచి ఇయర్‌ఫోన్స్ లాక్కుని రెండు చెవుల్లోకీ గట్టిగా దూర్చుకుంది. "వెయ్యి!" అంది.

మిరపకోతకు వెళ్లే మనిషికి, కోసిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉగ్గుపాలతో వచ్చే జ్ఞానమది. చెవుల సంగతి మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అప్పటిదాకా ఆ చేలల్లో పని మధ్యలో చెవిలో వేలుపెట్టే అవసరం ఎవరికీ రాలేదు.

పల్లవి వచ్చింది. మౌలాబీ కళ్లు మూసుకుంది. మొదటి చరణం వచ్చింది. చెవులు కొద్దిగా వెచ్చబడ్డట్టనిపించింది, సంతోషం వల్ల అనుకుంది. ఫ్లూటు వచ్చేసరికి చెవుల్లో నిప్పులు పోసినట్టయింది. గాయని రెండో చరణం ఎత్తుకునే లోపే మౌలాబీ ఇంకో పాట ఎత్తుకుంది.

"అమ్మోయ్! నాయనోయ్! చచ్చానే!"

ముఠా అంతా పరుగెత్తుకొచ్చింది. అందరికన్నా ముందు పిచ్చమ్మ వచ్చింది. ఆమె మౌలాబీకి కాపరానికి వచ్చినప్పటినుంచీ జోడు, పక్కసాలు ఎప్పుడూ ఆమెదే.

"షాక్ కొట్టింది! ముట్టుకోమాకండి! కర్రతో కొట్టండి!" అని అరిచింది పిచ్చమ్మ. నిజంగానే ఒక కందికట్టె తెచ్చి వైరును లాగిపారేసింది.

"షాక్ కాదే మొద్దూ, కారం! చెవులు మండిపోతన్నయ్యి!" అని గంతులు వేసింది మౌలాబీ.

ఒక్క క్షణం అందరూ నోళ్లు తెరిచారు. తరవాత ఒకామె ఫక్కుమంది. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకి, చివరికి చెట్టు కింద క్యారియరు విప్పుకుంటున్న యలమందయ్యదాకా వెళ్లింది. ఆయన అన్నంలోకి తెచ్చుకున్న మజ్జిగంతా ఇచ్చేశాడు. పిచ్చమ్మ గుడ్డలు ముంచి చెవులకు పెడుతూ, పెడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

మంట కాస్త తగ్గాక అన్నాలకు కూర్చున్నారు. మౌలాబీ ముద్ద దిగక ఫోనువంకే చూస్తోంది. చెవులు ఎర్రగా వాచి ఉన్నాయి.

"వైరు పీకేసి బయటికి వినపడేలా పెట్టవే నగ్మా. మీ అమ్మ ప్రాణం అందులోనే ఉంది. మేమూ వింటాం" అంది పిచ్చమ్మ.

మౌలాబీ ఫోను అందుకోబోయింది. అందరి ముందా? వద్దనే లోపే ఎవరో మంచినీళ్ల బిందె ఖాళీ చేసి, తుడిచి, ఫోను అందులో దించారు. స్టీలు బిందెలో పాట గుడిగంటలా మోగింది. పల్లవికి అందరూ తలలూపారు. మొదటి చరణం కలిసి పాడారు. ఫ్లూటు అయింది. ముప్పై ఏళ్లనాడు ఆగిన గొంతు మళ్లీ ఎత్తుకుంది.

చందమామ ఉంది అందులో. ఏరుంది, పడవుంది, ఒడ్డున ఎదురుచూపులున్నాయి. తీయగా ఉంది, బాగానే ఉంది. మౌలాబీ ప్రతి మాటా విన్నది. పాట అయిపోయింది.

మొదట నోరు విప్పింది పిచ్చమ్మే. "ఎవరే ఈవిడ? తప్పు పాడతంది!"

"అవునవును, మనకొచ్చిన చరణం కాదిది" అన్నారు మిగతావాళ్లు.

మౌలాబీకి ఇక దాచడం చేతకాలేదు. "ఆవిడ తప్పు కాదే. సినిమాలో ఉన్నదదే. మనం పాడేది నేను కట్టింది" అని తల దించుకుంది.

పిచ్చమ్మ చేతిలోని ముద్ద గిన్నెలో వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆహా! చెప్పొచ్చావు! దూదేకులాయన్ని హీరోగా పెట్టి ఎవరు తీశారే సినిమా? మాకా మాత్రం తెలవదా? మొదటినాడే తెలుసు!"

చేను మళ్లీ గొల్లుమంది. మౌలాబీ ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. అందరికీ తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ పాడారు. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి.

"ఈ చందమామా పడవా మనకెందుకు? మనది మనం పాడదాం. నగ్మా, నీ ఫోను గొంతులు పట్టిద్దన్నావుగా? పట్టవే!" అంది పిచ్చమ్మ. యలమందయ్య చేలో ఆ మధ్యాహ్నం పని కాస్త ఆలస్యంగా మొదలైంది. ఆయన చెట్టుకు చేరగిలబడి విన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి మౌలాబీ శనగపిండితో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కుంది. ఇయర్‌ఫోన్స్‌ను తడిగుడ్డతో, తరవాత పొడిగుడ్డతో తుడిచింది. వసారాలో సుభానీ పరుపు కుడుతున్నాడు. కనురెప్పలమీద దూది అలాగే ఉంది, జుట్టులో మాత్రం ఇప్పుడు దూదేదో నెరిసిన వెంట్రుకేదో తెలియడం లేదు. ఆమె ఏమీ చెప్పకుండా వెళ్లి అతని చెవుల్లో అవి పెట్టింది. నగ్మా చేత వేయించింది. కూతురు నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

"పిచ్చమ్మ గొంతు ఇది!" అని వీధంతా వినేలా అరిచాడు సుభానీ. తరవాత మౌలాబీ గొంతు విని చిన్నగా నవ్వాడు. సూది ఆడుతూనే ఉంది. రెండో చరణం వచ్చింది. సూది ఆగిపోయింది. ఆమె గడప దగ్గర నిలబడి అతని మొహమే చూస్తోంది. తనకేమీ వినపడదు. ఏ మాట దగ్గర ఉన్నాడో అతని మొహాన్ని బట్టే తెలుసుకుంటోంది.

పాట అయ్యాక అతను సూదిని పరుపుకు గుచ్చి తలెత్తాడు. "ఎప్పుడు కట్టావిది?" అన్నాడు.

"మన పెళ్లయిన ఏడు."

"ఊళ్లో అందరికీ వినిపించి నాకు చెప్పలేదేం?"

"సిగ్గేసింది."

"ఇన్నేళ్లూనా?"

సుభానీ చెవుల్లోంచి ఒకటి తీశాడు, రెండోదీ తీశాడు. వైరు జాగ్రత్తగా చుట్టి ఫోను పక్కన పెట్టాడు. పరుపును కాస్త జరిపి ఆమెకు చోటు చేశాడు.

"దీంట్లో పిచ్చమ్మ గోల ఎక్కువగా ఉంది. నువ్వు పాడు" అన్నాడు.

మౌలాబీ అతని పక్కన కూర్చుని, మొదటిసారి చిన్న గొంతుతో పాడింది.