నాయన కాలికి కట్టిన ఫోను

ఆదోనిలో ఒకసారి ఊరంత జనం ముందు నేను పదిహేను వందల మీటర్లు పరిగెత్తాను. పరిగెత్తానని నేనంటాను. చూసినవాళ్ళు వేరే మాట వాడతారు. ఆ రోజు పోయిన నా పరువు బస్సెక్కి మా ఊరు ఎమ్మిగనూరుకు తిరిగి రావడానికి ఏడాది పట్టింది. ఎలా పోయిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

తొమ్మిదో తరగతిలో నేను బొద్దుగా ఉండేదాన్ని. బొద్దు అనేది మా అమ్మ మాట. క్లాసులో నా పేరు దూది బేలు. ఆదోని మిల్లుల నుంచి లారీల మీద పోయే బేళ్ళను చూసిన పిల్లలకు ఆ పేరు వెతుక్కునే పని లేకపోయింది.

ఒకరోజు పీఈటీ మేడం పట్టకారు లాంటిది తెచ్చి, అందరి జబ్బ మీద చర్మం పట్టి కొవ్వు కొలిచారు. నా దగ్గర ఆ పట్టకారును రెండు చేతులతో తెరవాల్సి వచ్చింది. తర్వాత రెండు సున్నపు గీతల మధ్య పరుగు. ఫోన్లో కూత వినబడినప్పుడల్లా ఈ గీత నుంచి ఆ గీతకు చేరాలి. మెట్టు మెట్టుకూ కూతలు తొందరపడతాయి. అందరూ ఆరో మెట్టు, ఏడో మెట్టు దాకా పోయారు. నేను రెండో మెట్టులోనే కూలబడ్డాను.

"కొవ్వు సంగతి అట్ల పెట్టు మ్మా. ముందు ఊపిరి పెంచుకో," అన్నారు మేడం. "దినామూ నడిసి, ఫోన్లో అడుగుల లెక్క సూపించండి. నెల అయినాక ఎవురికి ఎక్కువుంటే వాళ్ళని ఆదోని పోటీలకు పంపిస్తా."

ఆదోనికి పోయి వస్తే దూది బేలు అనే నోళ్ళు మూతపడతాయి. నాకు కావలసింది అదొక్కటే. అందుకని రెండు రోజులు శ్రద్ధగా నడిచాను. మూడో రోజు వాన వచ్చేలా ఉందని మానేశాను. ఆ వాన ఇంతవరకూ రాలేదు.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాయనదే. నాయన గుంత మగ్గం మీద చీరలు నేస్తాడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కిందున్న తొక్కుడు కర్రలను పొద్దస్తమానం మార్చి మార్చి తొక్కుతుంటాడు. ఆ కాళ్ళను చూస్తుంటే నా తెలివి మేలుకుంది. నా ఒంట్లో చురుగ్గా కదిలేది అదొక్కటే.

"నాయనా, ఫోను నీ కాలికి కడతా."

"కాలికి ఎందుకు మ్మా?"

"గుంతలో ఉంటే పాట గుమ్మని మోగుతాది. ఒకసారి ఇని సూడు."

నాయనకు పాత పాటలు లేనిదే నేత సాగదు. నేను నూలు పోగులతో ఫోనును ఆయన చీలమండకు కట్టాను. కాసేపు విని, "నిజమే మ్మా, బాగుంది," అన్నాడు. నా మీద ఆయనకు అంత నమ్మకం, పాపం.

సాయంత్రానికి పద్దెనిమిది వేల అడుగులు. పండగ గిరాకీ వచ్చిన వారం రోజుకు ఇరవై ఆరు వేలు దాటాను. ఆ వారమంతా నేను మంచం మీద కూర్చుని ఉగ్గాని, బజ్జీ తిన్నాను.

"ఇంత యాడ నడుస్తాండావు మ్మా?" అని మేడం అడిగారు.

"ఇంట్లోనే మేడం. కుదురుగా ఉండలేను."

మేడం నా పేరు రాసేశారు.

పోటీ రోజు నాయన మగ్గం ఆపి నాతో బయలుదేరాడు. "మా పాప పరుగు పందేనికి పోతాంది," అని కండక్టరుకు చెప్పాడు, పక్క సీటు వాళ్ళకు చెప్పాడు, వెనక నిద్రపోతున్న ముసలాయనను లేపి మరీ చెప్పాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆదోని వచ్చేసింది.

మైదానం చుట్టూ ఐదు చుట్లు. మొదటి చుట్టులో అందరికంటే వెనకున్నాను. మూడో చుట్టులో కొత్తగా వచ్చినవాళ్ళకు అందరికంటే ముందున్నట్టు కనిపించాను, ఎందుకంటే మిగతావాళ్ళు నన్ను రెండోసారి దాటడానికి వస్తున్నారు. నాలుగో చుట్టుకు నేనొక్కదాన్నే మిగిలాను. అప్పటికే కుర్చీలు మడుస్తున్నారు. ఇక ఆగిపోదామనుకుంటుండగా నాయన పంచె ఎగ్గట్టి లోపలికి వచ్చేశాడు.

"ఆగొద్దు మ్మా. మెల్లగానే రా. నేనొస్తా నీతో."

చుట్టున్నర నా పక్కనే పరిగెత్తాడు. పరిగెత్తుతూనే చీర అంచు గురించి, తిరుగు బస్సు గురించి, మధ్యాహ్నం తినబోయే దాని గురించి కబుర్లు చెప్పాడు. యాభైకి దగ్గరపడిన మనిషికి ఆయాసమన్నదే లేదు. నాకు ఊ కొట్టే ఊపిరి కూడా లేదు. సిగ్గుతో ఏడుస్తూ పరిగెత్తాను. చెమటలో అది ఎవరికీ తెలియలేదు.

గీత దాటి పడిపోయాక మేడం నీళ్ళిచ్చి, నాయన జేబులోని ఫోను అడిగి తీసుకుని చూశారు.

"ఇదేంది? ఇంట్లో ఉన్న పొద్దు ఇరవై ఆరు వేలు, పందెం పరిగెత్తిన పొద్దు మూడు వేలా?"

నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "ఈ పొద్దు జేబులో ఏసుకొచ్చినా మేడం. దినామూ అయితే మా పాప నా కాలికి కడతాది, పాటలకు."

మేడం నన్ను చూశారు. నాయన కాళ్ళను చూశారు. "అన్నా," అన్నారు, "నువ్వు తొమ్మిదో తరగతిలో చేరతావా?"

తిరుగు బస్సులో నాయన నా వైపు చూడకుండా వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. కోపమొచ్చిందనుకుని నేను బిగుసుకుపోయాను. చివరికి, "అయితే నేను దినానికి ఇరవై ఆరు వేలు నడుస్తాండానా?" అన్నాడు గర్వంగా.

మర్నాటి నుంచి తెల్లారగానే ఆయనతో పాటు నా పరుగు. మొదట వీధి చివరి దాకా, తర్వాత కాలువ దాకా. ఏడాదికి ఆ కూతల పరుగులో ఎనిమిదో మెట్టు ఎక్కాను. మేడం మళ్ళీ పట్టకారు పెట్టి చూసి, "ఒళ్ళు ఇంచుమించు అట్లనే ఉంది, ఊపిరి మాత్రం కొత్తది ఏసుకొచ్చినావు," అన్నారు. దూది బేలు అనే పేరు పోలేదు. కాకపోతే అప్పటి నుంచి ఆ పిలుపు నా వెనక నుంచి వినిపించడం మొదలైంది.

కాబట్టి మా ఇంటి మగ్గం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా అడుగులు నేనే వేస్తాను, నా కోసం ఇంకెవరి కాలికీ ఫోను కట్టను. నాయన కాలికి మాత్రం కట్టక తప్పడం లేదు. నిజం తెలిసి ఇన్నేళ్ళయినా, మగ్గంలో కూర్చోగానే కాలు చాపి, "గుంతలో ఉంటేనే పాట బాగుంటాది, కట్టు మ్మా," అంటాడు.