సగం గడ్డంతో లేపని మనిషి

ముందటి వారం, సెలూన్ మూసే మంగళవారం నాడే, బాబాయి పోయాడు. వాళ్లబ్బాయి ఫోన్ చేసి "అన్నా, నాన్న లేడు" అన్నాడు. నాకు ఏడుపు కంటే ముందు పాత భయం గుర్తొచ్చింది.

బాబాయి మాకు చుట్టం కాదు. గురజాల దగ్గర మా ఊళ్లో తరాలుగా క్షవరం చేసే ఇంటివాడు. నా పుట్టువెంట్రుకలు తీసిందీ, నా పెళ్లిలో డోలు వాయించిందీ ఆయనే. మంగలి అన్న మాటను ఎవరైనా తిట్టులా వాడితే కత్తి పక్కన పెట్టేసేవాడు. "పెళ్లికి మంగళవాద్యం మాది. మంగళం చేసేవాడు గనక మంగలి అన్నారని మా తాత చెప్పాడు. అది తెలిసి పిలువు, పలుకుతా" అనేవాడు. మెడకు గుడ్డ చుట్టాక పని పూర్తయ్యేదాకా ఆ మనిషి మంచిచెడ్డలు తనవేనని ఆయన పట్టింపు. సగం గడ్డంతో ఎవరినీ లేపడు, అశుభమట.

కొన్నేళ్ల కిందట, ఎన్నికలైన మర్నాడు నాన్న బాబాయి సెలూన్ కుర్చీలో ఉన్నాడు. పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నందుకు అవతలి వర్గం మండిపడుతోంది. నలుగురు కర్రలతో గుమ్మంలోకి వచ్చారు. నేను బెంచీ మీద ఉన్నాను. నాన్నకు ఒక చెంప మీద ఇంకా నురగ ఉంది.

"లెగవయ్యా, బయటికి రా" అన్నాడు ముందున్నవాడు.

బాబాయి చెయ్యి ఆపలేదు. "సగం గడ్డంతో పంపను బాబూ. మీ నాన్న పదోరోజున నీ తలా ఇట్టాగే పట్టుకున్నా. మధ్యలో లేపానా? కూర్చోండి."

వాళ్లు కూర్చోలేదు గానీ ఆగారు. బాబాయి నావైపు చూడకుండానే "అబ్బాయ్, హోటల్‌కి పోయి వేడినీళ్లు పట్రా" అన్నాడు. ఆయన వాడేది చన్నీళ్లే. హోటల్ వెనక నిలబడి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాను.

తిరిగొచ్చేసరికి గడ్డం అయిపోయింది. బాబాయి నాన్న తల తడుపుతూ "అయ్యగారికి కోటప్పకొండ మొక్కుందంట. కొండకు పోయే తీరిక లేదు, గుండు ఇక్కడే కానిస్తా" అంటున్నాడు. నాన్నకు ఏ మొక్కూ లేదు. అద్దంలో నాన్న కళ్లు మాత్రం కత్తినే చూస్తున్నాయి. అంత నెమ్మదిగా గుండు గీయడం నేనెప్పుడూ చూడలేదు. సగం తల అయ్యాక జీపు వచ్చింది. వాళ్లు వెళ్లిపోయారు. బాబాయి మిగతా సగం కూడా గీసి మరీ నాన్నను పంపాడు.

ఆ వారమే సెలూన్ అద్దాలు పగిలాయి. "నీకెందుకు బాబాయ్ మా గొడవ?" అన్నాను.

"నా కుర్చీలో కూర్చున్నాడు గదయ్యా" అన్నాడు, అంతే.

ఆయన లేకపోతే ఆరోజు మాకు నాన్న లేడు. ఇంతకన్నా గొప్పగా చెప్పడం నాకు చేతకాదు.

నిన్న కాలవ గట్టున పదోరోజు. బాబాయి కొడుకు గుండు అయ్యాక నాన్న వెళ్లి ఆ పీట మీద కూర్చున్నాడు. బాబాయి మేనల్లుడు బెదురుతూనే కత్తి ఆనించాడు. తల సగం అయిందో లేదో, గట్టు మీంచి పెదనాన్న అరిచాడు. "ఒరేయ్, నువ్వేమన్నా ఆయన కొడుకువా? లెగు, అరిష్టం!"

మా వాళ్లంతా గట్టు మీద బిగుసుకుని నిలబడ్డారు. మేనల్లుడి చెయ్యి ఆగిపోయింది.

"ఆపమాకయ్యా" అన్నాడు నాన్న తల ఎత్తకుండానే. "మీ మామ సగంలో ఎవర్నీ లేపలేదు."

కత్తి మళ్లీ కదిలింది. నాన్న తెల్లవెంట్రుకలు ఒక్కో పాయా కాలవ నీళ్లలో పడి, మెల్లగా దిగువకు పోయాయి.