నాయన చెయ్యి పెట్టి చూసిన కంప్యూటరు

మా పై అంతస్తు అమ్మాయి మొన్న లిఫ్టులో కలిసి, ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకు ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనాలనుకుంటున్నాననీ, ఆవిడకు కంప్యూటరు గురించి ఏమీ తెలియదనీ, తక్కువలో ఏది కొంటే మంచిదో చెప్పమనీ అడిగింది. ఉద్యోగమంతా కంప్యూటర్ల మధ్యనే గడిపినవాణ్ణని బెంగళూరు మహదేవపురలోని మా అపార్టుమెంటులో నాకో పేరుంది కాబట్టి ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి. తెర పెద్దదిగా ఉండాలనీ, బ్యాటరీ ఎంత అరిగిందో చూసుకోవాలనీ గడగడా చెప్పేశాను గానీ, ఇంట్లోకి వచ్చాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతుంటే మా ఆవిడ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఇరవై ఏళ్ళ కిందట పీణ్యలోని మా పాత ఇంట్లో మా నాయన కూడా సరిగ్గా ఇలాగే తిరుగుతూ, ఏమైందంటే ఏమీ లేదనేవాడు.

మా నాయన కోలారు వైపు పల్లెలో పుట్టి, మీసాలు రాకముందే బెంగళూరు చేరి, పీణ్యలో ఇనుపరేకులను అచ్చుల్లో పెట్టి నొక్కే ప్రెస్సు షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు. ఆ ప్రెస్సు ఒక్కొక్క దెబ్బకూ నేల అదిరేది. మేం చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియరు తీసుకుపోతే గేటు దగ్గరే మా పళ్ళు కటకటలాడేవి. అదే ప్రెస్సు ఆయన కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు తీసుకుంది. చెవులను మాత్రం ఒక్కసారిగా కాకుండా, ఏడాదికి కొంచెం కొంచెంగా, ఆయనకే తెలియకుండా తీసుకుంది. చెవుల్లో దూది పెట్టుకోవడం తప్ప అప్పట్లో ఇంకో రక్షణ ఎవరికి తెలుసు? రిటైరయ్యేనాటికి పక్కన నిలబడి అరిస్తే తప్ప ఆయనకు వినపడేది కాదు. చెవి మిషను కొనిస్తే అది ఈల వేస్తోందని సొరుగులో పడేశాడు. అసలు సంగతేమిటంటే, వినపడడం లేదని ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. ఎదుటివాళ్ళ మొహం చూసి, నవ్వితే నవ్వి, తల ఊపితే తల ఊపి, ఆ, సరే, మంచిది అని మూడు మాటలతో రోజు నెట్టుకొచ్చేవాడు. ఆ ఉపాయం ఎదుట ఉన్న మనిషి దగ్గర పనిచేసేది. ఫోనులో పనిచేయదు కదా.

మా అమ్మ అప్పటికే పోయింది. చెల్లెలు పెళ్ళి చేసుకుని పూనాలో ఉండేది. ఆదివారం పూట అది ఫోను చేస్తే ముందు నేను మాట్లాడి, తర్వాత నాయనకు రిసీవరు ఇచ్చేవాణ్ణి. ఆయన దాన్ని చెవికి గట్టిగా అదుముకుని, తన మూడు మాటలూ చెప్పి, మొహం వెలిగించుకుని తిరిగి ఇచ్చేవాడు. ఆయనకు ఎంత వినపడిందని నేను ఏనాడూ అడగలేదు. ఆ అడగకపోవడం నా తప్పు.

ఆ ఏడు చెల్లెలికి ఆరో నెల. పురిటికి మా దగ్గరికే రమ్మని నాయన ఆరాటపడుతున్నాడు. ఒకరోజు మా ఆవిడా నేనూ ఇద్దరం ఆఫీసుల్లో ఉండగా అది ఫోను చేసింది. గంట వినపడకపోయినా, ఫోను పక్కనే కూర్చునేవాడు కాబట్టి బల్ల అదరడం తెలిసి నాయన ఎత్తాడు. సాయంత్రం మేం వచ్చేసరికి ఇంట్లో ముందు గది ఖాళీ చేసి, మంచం కడిగి ఎండబెట్టి, మా కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పాప వస్తాండాదప్పా, పొద్దున ఫోను చేసి చెప్పింది, శానా మంచిదమ్మా, ఆ దేవుడు మంచే చేసినాడు అంటిని, అన్నాడు. మేమూ సంతోషించాం. పనుల ఒత్తిడిలో రెండు ఆదివారాలు ఫోను రాకపోయినా ప్రయాణం హడావిడిలో ఉందేమో అనుకున్నాం.

మూడోవారం చెల్లెలి భర్త నా ఆఫీసుకు ఫోను చేశాడు. కడుపు నిలవలేదట. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకముందు, అది మొట్టమొదట నాయనకే ఫోను చేసి చెప్పుకుని ఏడ్చిందట. నాయన శానా మంచిదమ్మా అన్నాడట. దేవుడు మంచే చేసినాడు అన్నాడట.

ఆ మాట నాయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఇలాంటివి అరిచి చెప్పగలమా? చివరికి పాత క్యాలెండరు కాగితం వెనక రాసి చేతికిచ్చాను. ఆయన చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. అప్పుడు నా మొహం చూసి, జీవితంలో మొదటిసారి, నాకు ఇనపడలేదప్పా, అన్నాడు.

ఆ రాత్రికే రైలెక్కుతానన్నాడు. చెల్లెలు ఎవరినీ చూడనంటోందని అల్లుడు బతిమాలి ఆపాడు. ఉత్తరాలు రాశాడు, ఆ వేళ్ళతో రాసిన అక్షరాలు మాకే అర్థమయ్యేవి కావు. నువ్వు చెప్పు, నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. నువ్వు రాస్తే అవి నీ మాటలైతాయి, అన్నాడు. వెళ్ళిన రెండు ఉత్తరాలూ విప్పకుండా అలమారలో పడి ఉన్నాయని తెలిసింది. ఆయనకు వినపడలేదని చెబుదామని నేను ఫోను చేస్తే, నాయనను వెనకేసుకురావడానికే చేశావా అని పెట్టేసింది. అది ఆఫీసులో రోజూ ఈమెయిలు మాత్రం చూస్తుందని అల్లుడన్నాడు. నాయనకు మిషను డ్రాయింగుల మీద చదివి చదివి ఇంగ్లీషు అక్షరాలు బాగా తెలుసు. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనమంతా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేవాళ్ళం. బ్రౌజింగ్ సెంటరుకు రెండుసార్లు తీసుకుపోయాను. చుట్టూ కుర్రకారు, అట్ట గోడల మధ్య ఇరుకు కుర్చీ. ఇంతమందిలో కూతురికి ఏమి రాసేది అని లేచి వచ్చేశాడు. దాంతో ఇంటికే ఒక కంప్యూటరు కొనాలని నిర్ణయించాను.

కొత్తది కొనే తాహతు అప్పుడు లేదు. కంపెనీలు వదిలించుకున్న పాత కంప్యూటర్లను తుడిచి అమ్మే అంగళ్ళు సిటీ మార్కెట్టు వెనక సందుల్లో వరసగా ఉండేవి. నాలుగు శనివారాలు అక్కడే తిరిగాను. ఒకచోట ప్రాసెసరు మంచిదైతే మానిటరు గుడ్డిది, మానిటరు బాగుంటే మెమరీ చాలదు. ఎంతసేపూ నా మనసు వేగం మీదే ఉండేది. ఇక్కడ తీసుకుందామనుకుంటే పక్క అంగడిలో ఇంకా మంచిది దొరుకుతుందేమోనని ఆశ, అటు పోతే ఇటు వదులుకున్నానేమోనని దిగులు. ఇంటికొస్తే నాయన గుమ్మంలో నిలబడి నా ఖాళీ చేతుల వంక చూసేవాడు. చివరికి నల్లటి కొత్త డబ్బాలో, అంగడివాడు పొగుడుతూ చూపించిన వేగమైన మిషను ఒకటి తెచ్చి పెట్టాను.

నాయన ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ మూడు రోజులు ఒకే ఉత్తరం రాశాడు. నన్ను గదిలోకి రానివ్వలేదు. నాలుగోరోజు పొద్దున తెర నల్లబడి, హార్డుడిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఉత్తరం అందులోనే పోయింది. మళ్ళీ రాద్దువుగాని నాయనా అని కాగితం మీద రాసి చూపిస్తే, ఆయన చెప్పులేసుకుని వీధి చివరిదాకా పోయి, వచ్చి, మళ్ళీ పోయాడు. ఒక బస్సు హారను కొడుతూ ఆయన వెనకే ఆగిపోవడం మా ఆవిడ కిటికీలోంచి చూసి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

మిషను వెనక్కి తీసుకుపోతుంటే తానూ వస్తానన్నాడు. అంగడివాడు కన్నడం కలిసిన తెలుగులో, సెకండ్ హ్యాండ్ అంటే అట్లే కదా సార్, ఏం మాడేది, ఏం చేస్తాం, దీని బదులు ఇంకొకటి తీస్కోండి, అన్నాడు. నేను మళ్ళీ వేగం అంకెలు అడగడం మొదలుపెట్టాను. నాయన నన్ను పక్కకు జరిపి, నడుస్తున్న మొదటి మిషను మీద అరచెయ్యి బోర్లా పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తీసి రెండోదాని మీద పెట్టాడు. ముప్పై ఏళ్ళు ప్రెస్సు బాగోగులు ఆయన అలాగే చూసేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఇది నిల్చదు. లోపల తిరిగేదాని బేరింగు పోయుండాది," అన్నాడు.

అంగడివాడు నవ్వాడు. "పెద్దాయనకి కంప్యూటరు తెలుసా?" అని నన్నడిగాడు. అడిగినవాడే స్క్రూలు విప్పి ఫ్యాను మీద వేలు పెట్టి, దాని ఇరుసు అటూ ఇటూ ఊగుతుంటే నవ్వడం మానేశాడు. ఆ తర్వాత కుర్చీ తెచ్చి వేశాడు. నాయన కూర్చోలేదు. ఆరో ఏడో మిషన్లు తడిమి, మూలనున్న ఒక పాత ఆఫీసు కంప్యూటరు దగ్గర ఆగాడు. పసుపు తిరిగిపోయిన డబ్బా, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. నేను ఒప్పుకోలేదు. ఇది మిగతావాటిలో సగం వేగం కూడా లేదని ఆయన చెవి దగ్గర అరిచాను. ఆయన చెయ్యి తియ్యలేదు.

"వేగం ఎవరికి కావాలప్పా? దీని పరుగు సమంగా ఉండాది. ఇది నిలబడతాది."

తర్వాత కీబోర్డులన్నీ ముందేసుకుని, చివర్లు లేని ఆ రెండు వేళ్ళతోనే నొక్కి చూసి, నొక్కినప్పుడు వేలిని గట్టిగా వెనక్కి తోసేది ఒకటి ఏరుకున్నాడు. అక్షరం పడిందో లేదో వేలికి తెలియాలట.

అప్పుడు మళ్ళీ మొదటినుంచి రాశాడు. ఈసారి మూడు రోజులు పట్టలేదు. పంపడం తనకు చేతకాదని నన్ను పిలిచినప్పుడు తెర మీద ఉన్నది చూడక తప్పలేదు. అమ్మా అన్న మాటకు 'ఎమ్' అక్షరం మూడుసార్లు కొట్టాడు. ఆ పొద్దు నువ్వు చెప్పింది నాకు ఇనపడలేదు. నువ్వు వస్తాండావు అనుకుంటి. ఇనపడలేదని చెప్పేదానికి సిగ్గు. నీకు ఇంత జరిగితే నేను మంచం కడిగి పెట్టుకుంటి. అంతే రాశాడు. కింద తన పేరు రాసుకున్నాడు, ఎవరో కొత్తవాళ్ళకు రాసినట్టు.

జవాబు ఎనిమిది రోజులు రాలేదు. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో ఎవరమూ స్థిమితంగా లేము. గంటకోసారి నెట్టు కనెక్షను పెట్టమనేవాడు. అప్పట్లో నెట్టు ఫోను లైను మీదే వచ్చేది కాబట్టి, కనెక్షను పెడితే ఫోను ఆగిపోయేది. ఆ టైములోనే అది ఫోను చేసిందేమోనని మళ్ళీ తీసేయమనేవాడు. భోజనం దగ్గర సగంలో లేచి పోయి మిషను మీద చెయ్యి పెట్టి, ఆడుతోందని చూసుకుని వచ్చేవాడు. నేనూ ఆఫీసులో పని చేయలేక, మాటిమాటికీ ఇంటికి ఫోను చేసి, ఆయన కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా ఆవిడచేత తిట్లు తిన్నాను.

తొమ్మిదో రోజు వచ్చింది. నాయనా, నేను ఇంకొకసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది, కానీ ఆ మాట రెండోసారి చెప్పే శక్తి నాకు లేకపోయింది, అని ఉంది. ఇంకా చాలా ఉంది; అది నేను చదవలేదు. నాయన తెర మీద ఒక్కొక్క వరుస కిందా వేలు పెట్టుకుని చదువుతూ, మధ్యలో తల తిప్పకుండానే, నువ్వు పోప్పా, అన్నాడు. నేను వచ్చేశాను. కాసేపటికి లోపలినుంచి కీబోర్డు చప్పుడు మొదలైంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ రోజూ సాయంత్రం, అది ఆఫీసునుంచి బయల్దేరే ముందు, ఒకరికొకరు రాసుకునేవాళ్ళు. కూర ఏమి చేసిందీ, వానొచ్చిందా లేదా, మోకాలు నొప్పి, అన్నీ. ఫోనులో మూడు మాటల మనిషి తెర మీద ముప్పై వరుసల మనిషయ్యాడు. రెండేళ్ళకు చెల్లెలికి కూతురు పుట్టింది. పురిటికి మా ఇంటికే వచ్చింది. ఆ పసుపు డబ్బా ఆయన చెప్పినట్టే నిలబడింది. నా ఆఫీసులో ఆ కాలంలో నేను మార్చిన కొత్త మిషన్లు ఎన్నో లెక్కలేదు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. పోస్టులో వచ్చిన ఉత్తరాలైతే ఏ పెట్టెలోనో దొరికేవి. ఆయన రాసినవి మాత్రం లేవు. ఆయన పోయాక ఆ ఖాతా తెరిచే ధైర్యం మాకెవరికీ కలగలేదు. కలిగేసరికి ఆ మెయిలు కంపెనీయే మూతపడి ఉంది. కాగితం మీద అచ్చు తీసి పెట్టుకుందామని చెల్లెలు ఒకటి రెండుసార్లు అనుకుందట. ఎక్కడికి పోతాయిలే అనుకుందట.

ఇప్పుడు అన్నీ సులువు. చెల్లెలూ నేనూ ఫోనులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే మాట్లాడుకుంటాం, మాట్లాడుతూనే ఇద్దరం ఇంకేదో చూసుకుంటూ ఉంటాం. తెలుగులోనే రాసుకుంటాం, ఇంగ్లీషు అక్షరాల బాధ లేదు. మొన్న దానికి జ్వరమని తెలిసి, ఒళ్ళు ఎట్లుండాదమ్మా అని నాయన మాటలోనే రాయబోతే, ఫోను దాన్ని ఎలా ఉంది అని దిద్దింది. వెనక్కి మార్చాను. మళ్ళీ దిద్దింది. మూడోసారి నేను మార్చలేదు, అలాగే పంపించేశాను. పంపాక చాలాసేపు ఆ మాట వంకే చూస్తూ ఉండిపోయాను; తప్పేమీ లేదు అందులో, శుభ్రమైన తెలుగు, ఎవరు రాసినా అలాగే ఉంటుంది.