సగానికి మరిగిన నీళ్లు

కనిగిరి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో, డిగ్రీ మొదటి ఏడాది కెమిస్ట్రీ పరీక్షకి అయాన్ల పాఠం బట్టీ పడుతున్నాను. పక్కనున్న అవ్వ మోకాళ్లు వంకర తిరిగి ఉన్నాయి.

"ఏం చదువుతున్నావమ్మాయ్?"

నీళ్లలో కరిగే లవణాల గురించి అన్నాను.

"అయితే మా ఫ్లోరైడూ ఉంటదిగా అందులో," అని తన కాళ్లు చూపించింది. "మనవరాలికి మాత్రం ఇట్టా కానివ్వను. పుట్టినకాడ్నుంచీ దానికి బోరు నీళ్లు సగమయ్యేదాకా మరగబెట్టే తాగిస్తన్నా. ఐదేళ్లు దానికిప్పుడు."

"మరిగిస్తే ఫ్లోరైడ్ పోదవ్వా. నీళ్లే ఆవిరైపోతాయి, అది మిగిలిన సగంలో ఇంకా చిక్కబడుతుంది," అన్నాను, పరీక్షలో జవాబు రాసినంత చురుగ్గా.

ఆమె ఒళ్లోని సీసా మూత తీసి, నీళ్లన్నీ కిటికీలోంచి మెల్లగా పారబోసింది. ఖాళీ సీసాకి మళ్లీ మూత బిగించింది.

పొదిలిలో దిగబోతూ నా భుజం పట్టుకుంది.

"దాని పళ్ల మీద చారలొచ్చినయ్. పాలపళ్లేగా, ఊడిపోయి మంచియ్యి వస్తయిగా?"

వస్తాయన్నాను. ఆ మంచి పళ్లు పాలపళ్లు ఊడకముందే చిగుళ్ల కింద, తాగే నీళ్లతోనే తయారవుతుంటాయని బయాలజీ పాఠంలో చదివాను.