కోడిగుడ్డులో నల్లమరక

ఉమామహేశ్వరరావు గారి పరిశోధన గురించి మా అపార్ట్‌మెంట్లలో మొదట పుట్టిన మాట, "కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాడు" అని. అన్నది మా ఆయన రామమోహనే. అన్యాయం అని అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటాను. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను.

1980 సంగతి. అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ఊరు, పెళ్లైన విద్యార్థులకిచ్చే రెండు గదుల ఇళ్లు. ఉమామహేశ్వరరావు గారిది మా పక్క వాటా. తర్వాత ఆయన పెద్ద ఉద్యోగాలే చేశారు, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో పెద్ద ఇల్లే కొన్నారు. నాకు మాత్రం ఆయనంటే ఆ ఏడు ఏప్రిలే గుర్తొస్తుంది.

గుడ్డులో పెరుగుతున్న కోడిపిల్ల ఎముకలను ఎక్స్‌రేలో చూడాలి, పిల్లకు హాని జరగకూడదు. ఎంత తక్కువ ఎక్స్‌రేతో పని జరుగుతుందో నిజం గుడ్ల మీద పరీక్షిస్తూ పోతే వందల పిల్లలు చస్తాయి. అందుకని ఆయన కంప్యూటర్‌లోనే ఒక గుడ్డు కట్టారు. పెంకు మందం, తెల్లసొన, పచ్చసొన లెక్కలు కోళ్ల పెంపకం పుస్తకాల్లోని పట్టికల నుంచి తీసుకున్నారు. ఆ లెక్కల గుడ్డులోకి కిరణాలను లక్షలసార్లు పంపితే, ఏది అవతలికి వచ్చిందో, ఏది లోపలే ఆగిందో చూసుకుని ప్రింటర్ అక్షరాలతో, చుక్కలతో బొమ్మ వేసేది. ఆ బొమ్మ అసలు ఎక్స్‌రే ఫిల్మ్‌తో కలవాలి. కలిస్తే ఇక పిల్లల్ని చంపక్కర్లేదు. "ప్రాణం ఉన్నదాన్ని చంపి చూసేదేముందండీ, బతికుండగా చూడాలి గానీ" అనేవారు. మనిషి మెత్తన.

ఇంతా చేసి ఆయన పరమ శాకాహారి, జన్మలో గుడ్డు ముట్టుకోలేదు. మెషిన్‌లో పెట్టేది బయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్, ఈయన చేతికి ఫిల్మ్ కవర్లో వచ్చేది. ఇంట్లో గుడ్డు అనే మాట కూడా అనేవారు కాదు. "స్పెసిమెన్" అనేవారు.

ఆయన భార్య శశికళకు అప్పుడు ఇరవై మూడేళ్లు. జూన్‌లో పురుడు. జనవరిలో డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేసి, "ఇలా అయితే బిడ్డ బరువు పెరగదు. మాంసం తినకపోతే పోనీ, గుడ్లయినా తినాలి" అంది. శశికళ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, మీ ఇంట్లో తింటాను. ఆయనకు మాత్రం తెలియకూడదు."

మొదటి వారం ముక్కు మూసుకుని మింగింది. తర్వాత తర్వాత పదకొండు కొట్టేసరికి వచ్చి, తనే ఒలుచుకుని, ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని తినేది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా తెనాలిలో పేరు. అలాంటిది మూడు నెలలు నానింది.

అక్కడ ఆయన బొమ్మ మాత్రం ఫిల్మ్‌తో కలవడం లేదు. ప్రతి ఫిల్మ్‌లోనూ గుడ్డు లావు వైపు నల్లటి మరక ఉంది, ఈయన బొమ్మలో లేదు. నాలుగు నెలలు చిల్లులు పొడిచిన ప్రోగ్రామ్ కార్డులన్నీ ఒక్కొక్కటీ తిరగేశారు, తప్పు దొరకలేదు. ప్రొఫెసర్ ఫిజిక్స్ మనిషి. రోజూ పొద్దున్నే రెండు గుడ్లు తినే ఆయనకైనా తట్టొద్దూ? తట్టలేదు, ఆయన తినేవి పెనం మీద పగలగొట్టేవి. "ఏప్రిల్ ఆఖరుకి కలవకపోతే పీహెచ్‌డీ సంగతి మర్చిపో, మాస్టర్స్ తీసుకుని వెళ్లు" అన్నాడు.

ఏప్రిల్ చివరి ఆదివారం మధ్యాహ్నం వాళ్లిద్దరినీ భోజనానికి పిలిచాను. ఆయన మొదటిసారిగా ఫిల్మ్‌ను ల్యాబ్ నుంచి బయటికి తెచ్చి, మా కిటికీ అద్దానికి ఆనించి చూపించారు.

"ఈ మచ్చ ఒక్కటే శశీ. ఎంత ట్రై చేసినా మ్యాచ్ కావట్లేదు. రేపు వెళ్లి ప్రొఫెసర్‌తో చెప్పేస్తాను, నా వల్ల కాదని."

నేను అటు తిరిగి పూరీలు వేయిస్తున్నాను. ఆ ఫిల్మ్ చూసి ఉంటే అదేమిటో నేనే చెప్పేదాన్ని.

"అది ఖాళీ అండీ," అంది శశికళ. "లావు వైపు లోపల గాలి ఉంటుంది. ఉడకబెట్టి ఒలిస్తే అక్కడ గుంట కనిపిస్తుంది."

"నీకెలా తెలుసు?"

చిల్లుల గరిట పట్టుకునే వెనక్కి తిరిగాను. అక్క చెప్పిందని ఒక్క అబద్ధం ఆడితే అయిపోయేది. కళ్లతో సైగ చేశాను కూడా. శశికళ నా సైగ చూసింది, తల దించుకుంది.

"తింటున్నాను. జనవరి నుంచి. డాక్టరమ్మ తినమంది."

ఆయన ఫిల్మ్ కవర్లో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ పూట పూరీలు ఎవరూ ముట్టలేదు. తిట్టినా బాగుండేదని శశికళ నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పదకొండింటికి వచ్చింది గానీ, గుడ్డు వైపు చూడలేదు. "ఇక వద్దక్కా" అంది. అంతలో తలుపు చప్పుడైంది. ఆయనే. గడ్డం మాసి ఉంది, చంకలో ప్రింటవుట్ చుట్ట. ఆయన తిన్నగా వచ్చి టేబుల్ దగ్గర కూర్చుని, గిన్నెలోంచి ఉడికిన గుడ్డొకటి తీశారు.

ఒలవడం చేతకాలేదు. పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడివచ్చింది. లావు వైపుకి వచ్చాక బొటనవేలు గుంటలో ఆగింది.

"కలిసిందా?" ఉండబట్టలేక అడిగాను.

"కలిసిందండీ," అన్నారు తలెత్తకుండా. నాలుగు నెలలు ఆ మాట కోసం తపించిన మనిషి, దాన్ని అంతకంటే పట్టించుకోలేదు.

"గుడ్డులో ఖాళీ ఉంటుందని నాకు తెలీదు శశీ, సరే. ఇంట్లో నువ్వు ఆకలితో ఉన్నావని కూడా తెలీలేదే. అది ఏ పుస్తకంలో చూసుకోవాల్సింది?"

"మీరు బాధపడతారని చెప్పలేదండీ."

"ఇప్పుడు పడుతున్నాను."

సగం ఊడిన ఆ గుడ్డుకి ఉప్పు అద్ది ఆమె నోటికి అందించారు. శశికళ ఏడుస్తూనే తింది. ఆయన చేతులు కడుక్కోలేదు, రెండో గుడ్డు తీసుకుని ఆమె కోసం ఒలవసాగారు.