జానిల్ ఎజే, పది సెకన్ల కాపలా

సారీ-కియా కనుమలో గేటు పడిందంటే ముందు తిట్లు తినేది గేటు దగ్గరుండే మోమున్‌బెక్. తిన్నవాడు ఊరుకోడు, వాటన్నిటినీ మూటగట్టుకొచ్చి జానిల్ గదిలో దింపేవాడు. ఆ జనవరిలో అలా ఏడుసార్లు దింపాడు.

“ఒకడు నా గడ్డాన్ని చూసి మేక అన్నాడు. ఇంకొకడు, లారీలో ఉల్లిగడ్డలు గడ్డకట్టి రాళ్లవుతున్నాయి, నువ్వు కొరుకుతావా అన్నాడు. ఏం చెప్పమంటావు జానిల్?”

“తెర నల్లబడింది, అందుకని ఆపాం అని చెప్పండి బైకే.”

“చెప్పా. అయితే తెల్లసున్నం కొట్టు అన్నాడు.”

మోమున్‌బెక్ ఆమె కన్నా ఏడేళ్లు పెద్ద. అందుకే ఆమె అతన్ని బైకే, అన్న, అంటుంది. ఆమెను మాత్రం కొండ మీది చౌకీలో వంటమనిషి నుంచి మంచు తోసే బండి నడిపేవాడి వరకూ అందరూ ఎజే, అక్క, అనే పిలుస్తారు.

రోడ్డు మీది వాలుల్లో తొమ్మిది చోట్ల మంచు కదలికను కనిపెట్టే పెట్టెలు పాతారు. అవి పంపే కబుర్లను చౌకీలోని కంప్యూటర్ చదివి, గేటు దగ్గరి తెర మీద పచ్చరంగో ఎర్రరంగో చూపిస్తుంది. ఆ ప్రోగ్రాం కూలిపోతే తెర నల్లబడుతుంది. ఒకసారి నల్లబడితే, మళ్లీ వెలిగినా సరే, ఇంకా పైనున్న మరో చౌకీ వాళ్లు వాలును కళ్లతో చూసి సరేననే దాకా గేటు ఎత్తకూడదు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి రెండు గంటలు. ఈలోపు లారీలు మలుపు దాటి బారులు తీరేవి.

ఆ కంప్యూటర్ బాగోగులు చూసేది జానిల్. ఆమెకు యాభై నాలుగేళ్లు. నరీన్ పట్టణం వైపు గొర్రెల కాపరి ఇంట్లో పుట్టింది. లెక్కల్లో చురుకని బడి పంతులమ్మ పట్టుబట్టి రాజధానికి చదువుకు పంపింది. కొలతల యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిన రెండో ఏడే పాత దేశం ముక్కలై కొత్త దేశం వచ్చింది, ఆ వెంటనే ఫ్యాక్టరీ మూతబడింది. తర్వాత పదకొండేళ్లు బజారులో ఇనుప డబ్బా దుకాణంలో మేజోళ్లు అమ్మింది. చలికి వేళ్లు పగిలేవి. గిరాకీ లేని మధ్యాహ్నాలు పాత పుస్తకం ఒకటి గల్లాపెట్టె కింద పెట్టుకుని, కంప్యూటర్ లేకుండానే కాగితం మీద ప్రోగ్రాంలు రాసేది. పక్క దుకాణం ఆడవాళ్లు ఆమె ఎవరికో ప్రేమలేఖలు రాస్తోందనుకునేవారు. ఈ చౌకీలో ఉద్యోగం వచ్చేనాటికి ఆమెకు నలభై దాటాయి.

ప్రోగ్రాం రాసింది మాత్రం ఆమె కాదు, రాజధానిలోని ఒక చిన్న కంపెనీ. అక్కడ ఎర్మెక్ అనే ఇంజనీరు ఉన్నాడు. ప్రోగ్రాం కూలిపోయినప్పుడు, ఆ క్షణాన దాని మెమరీలో ఏమేమి ఉన్నాయో అంతా కంప్యూటర్ ఒక ఫైలుగా డిస్కు మీద రాసిపెడుతుంది. దాన్ని డంప్ అంటారు. అది తెరిచి చూస్తే ఎక్కడ, దేనివల్ల కూలిందో తెలుస్తుంది. జానిల్ ఏడింటినీ ఎర్మెక్‌కు పంపింది. ఏడింటికీ ఒకటే జవాబు.

“ఎజే, ఇది కూడా సగంలో తెగిపోయింది. నాకు కావాల్సిన భాగమే లేదు. తల లేని మనిషిని తెచ్చి ఎవరో గుర్తుపట్టమంటే ఎలా?”

“మీ ప్రోగ్రాం ఏడవటం కూడా సగమే ఏడుస్తుందన్నమాట.”

“మీ డిస్కు చూడండి ఎజే. నిండిపోయి ఉంటుంది.”

చూసింది. సగానికి పైగా ఖాళీ. పాతదైపోయిందేమోనని కొత్త డిస్కు తెప్పించి వేసింది. ఫైలు ఇంతకు మించి పెరగకూడదని ఎక్కడైనా హద్దు పెట్టారేమోనని వెతికింది, అదీ లేదు. ఎనిమిదో డంప్ కూడా తెగే వచ్చింది. ఆ రోజు ఆమె ఎర్మెక్‌తో గట్టిగానే మాట్లాడింది. మూడో ఏడు వాడుతున్న ప్రోగ్రాంకి చావడం కూడా నేర్పలేకపోయారు, సిగ్గుండాలి అంది. అటువైపు అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున టీ పక్కన పెట్టుకుని, ఎనిమిది ఫైళ్ల పరిమాణాలూ కాగితం మీద వరసగా రాసింది. ఒకటి పెద్దది, ఒకటి అందులో సగం, ఇంకొకటి మరీ చిన్నది. ఏ రెండిటికీ పొంతన లేదు. పరిమాణాలు వదిలేసి, ఫైలు రాయడం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో చూసింది. తొమ్మిది సెకన్లు. పది. తొమ్మిది. పది. ఎనిమిదింటిలో ఒక్కటీ పది దాటలేదు.

ఆమె పెన్ను కింద పెట్టింది. ఆ చౌకీలో పది సెకన్లు లెక్కపెట్టేది ఒక్కటే ఉంది. అది రాసింది తనే.

రెండేళ్ల కిందట ఒకసారి ప్రోగ్రాం కూలకుండానే బిగుసుకుపోయింది. తెర మీద పచ్చరంగు అలాగే నిలిచిపోయింది. పెట్టెల కబుర్లేవీ చదవకపోయినా నలభై నిమిషాలు లారీలు వాలు కింద నుంచే పోయాయి. ఏమీ కాలేదు కానీ, జానిల్‌కు వారం రోజులు నిద్ర పట్టలేదు. అప్పుడు కూర్చుని ఒక కాపలా ప్రోగ్రాం రాసింది. పెద్ద ప్రోగ్రాం రెండు సెకన్లకోసారి దానికి ‘ఉన్నాను’ అని చెప్పాలి. పది సెకన్లు ఆ మాట వినబడకపోతే కాపలా దానికి ‘చావు’ అనే సిగ్నల్ పంపి, మళ్లీ మొదటి నుంచి లేపుతుంది. ఆ సిగ్నల్‌ను కాదనే శక్తి ఏ ప్రోగ్రాంకీ లేదు. జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని ఊపి మరీ మెచ్చుకున్నాడు.

ఇప్పుడు అర్థమైంది. ప్రోగ్రాం కూలగానే కంప్యూటర్ డంప్ రాయడం మొదలుపెడుతుంది. రాసేది చాలా ఉంది, దానికి నిమిషాలు పడతాయి. అంతసేపూ ప్రోగ్రాం ‘ఉన్నాను’ అనలేదు. కాపలా పది లెక్కపెట్టి సిగ్నల్ పంపుతుంది. రాత అక్కడికక్కడే ఆగిపోతుంది. అదే డిస్కు మీద కొండ కెమెరాల బొమ్మలూ పడుతుంటాయి కాబట్టి, ఆ పని ఎక్కువున్న రోజు పది సెకన్లలో తక్కువ రాస్తుంది, లేని రోజు ఎక్కువ. కాపలా చిట్టాలో ప్రతిసారీ ‘మళ్లీ లేపాను’ అని ఉండేది. అది చూసి ఆమె, పోనీ నాదైనా పని చేస్తోంది అని మురిసిపోయింది.

టీ చల్లారిపోయింది. ముఖం మాత్రం వేడెక్కింది.

మంచు తోయడానికి రోడ్డు మూసిన ఒక మధ్యాహ్నం పరీక్షించి చూసింది. ప్రోగ్రాంను కావాలనే కూల్చింది. ఫైలు పదో సెకనులో తెగింది. కాపలాను ఆపి మళ్లీ కూల్చింది. ఫైలు చివరిదాకా వచ్చింది, మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. సందేహం తీరిపోయింది.

మోమున్‌బెక్‌కు చెబితే అతను తేలిగ్గా తీసేశాడు. “అయితే ఆ కాపలాను పీకి పారెయ్.”

“పీకితే, ఏదో ఒకరోజు పచ్చరంగు అబద్ధం చెబుతుంది బైకే. ఆ రోజు లారీవాళ్లు మిమ్మల్ని తిట్టడానికి ఉండరు.”

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఆమె కాపలాను మార్చింది. మాట వినబడకపోతే అది ముందు తెరను ఎర్రగా మార్చాలి. తర్వాత, డంప్ రాస్తోందేమో చూడాలి. రాస్తుంటే పూర్తయ్యేదాకా ఆగాలి. రాయకుండా బిగుసుకుపోయి ఉంటేనే సిగ్నల్ పంపాలి. దానివల్ల ప్రోగ్రాం లేవడం ఆలస్యమై గేటు ఇంకో నాలుగు నిమిషాలు పడి ఉంటుంది.

“అంటే ఇప్పుడు మనం అది ఎప్పుడు చస్తుందా అని కాచుక్కూర్చోవాలి,” అన్నాడు మోమున్‌బెక్.

“అంతే.”

“మంచి ఉద్యోగం.”

అది చావలేదు. అయిదు రోజులు, ఆరు రోజులు. కావాలనుకున్నప్పుడు కూలదేమిటని జానిల్‌కు చిరాకేసింది. ఫిబ్రవరి మూడున పొద్దున పదకొండింటికి తెర ఎర్రబడింది. బయట మైనస్ ఇరవై ఏడు డిగ్రీలు. ఆమె కుర్చీ లాక్కుని ఫైలు పెరగడం చూస్తూ కూర్చుంది. పది సెకన్లు అప్పటికే దాటిపోయాయి. ముప్ఫై. కిటికీ అవతల ఒక డ్రైవరు అరుస్తున్నాడు.

“ముసలాయనా! లోపల పెళ్లి జరుగుతోందా? భోజనాలయ్యాక ఎత్తుతారా?”

“ఎత్తుతాం, కడుపులు ఖాళీగానే ఉంచుకోండి!” మోమున్‌బెక్ కేక వేశాడు.

నాలుగో నిమిషంలో రాత ఆగింది. ఈసారి పూర్తయి ఆగింది. పంపే ముందు ఆమె ఎర్మెక్‌కు ఫోన్ చేసింది.

“ఎర్మెక్, పూర్తి డంప్ వస్తోంది. ఇన్నాళ్లూ వాటిని సగంలో తెంపింది నేను రాసిన కాపలా. ఆ రోజు నీతో అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా.”

“నేను నెల రోజులు మీ డిస్కును తిట్టాను ఎజే. దానికెవరు క్షమాపణ చెబుతారు?”

“దాన్ని మార్చేశాం. అయినా, కాపలా సంగతి నీకు చెప్పలేదు కదూ నేను?”

“లేదు. నేనూ అడగలేదు.”

సాయంత్రానికి అతనే ఫోన్ చేశాడు. ఆరో నంబరు పెట్టెలో బ్యాటరీ చలికి నీరసించినప్పుడు, అది సగం కబురే పంపుతోంది. కబురు ఎంత పొడవో చెప్పే చోట సున్నా వస్తోంది. ప్రోగ్రాం ఆ సున్నాను పట్టించుకోకుండా ముందుకెళ్లి కూలుతోంది. “ఇది మాది. వంద శాతం మాది,” అన్నాడు ఎర్మెక్. దిద్దింది రెండే పంక్తులు.

జిల్లాకు పంపే నివేదికలో తెగిన డంపుల కారణం రాసే చోట ఆమె తన పేరే రాసింది. పై అధికారి అది చదివి, ‘సాంకేతిక లోపం’ అని రాస్తే సరిపోయేది కదా అన్నాడు. “సరిపోదు. తర్వాత వచ్చేవాళ్లు ఆ మాట చదివి మళ్లీ డిస్కు మారుస్తారు,” అంది.

ఆ చలికాలం చివరిదాకా ప్రోగ్రాం మరి కూలలేదు. గేటు పడింది మూడుసార్లే, అవి నిజంగా మంచు కదిలిన రోజులు. అందులో ఒకసారి నాలుగో వాలు నుంచి వచ్చిన మంచు రోడ్డును ఇంటెత్తున కప్పేసింది. కింద ఒక్క బండీ లేదు. మరుసటి ఏడు జిల్లాలోని మరో రెండు కనుమల చౌకీలవాళ్లూ ఆమె మార్చిన కాపలానే తీసుకున్నారు. వాళ్లకు నేర్పడానికి వెళ్లినప్పుడల్లా ఆమె ముందుగా అడిగేది ఒకటే: ఈ కంప్యూటర్ మీద ఇంకా ఏమేం నడుస్తున్నాయో, ఎవరెవరు రాశారో అన్నీ చెప్పండి, చిన్నదే కదా అని ఏదీ వదలకండి.