అత్తమ్మ చేతులకు నా గాజులు

మొన్న మనవరాలిని హనుమకొండలో ఇండస్ట్రియల్ సేఫ్టీ కోర్సులో చేర్పించడానికి వెంట వెళ్తే, వర్క్‌షాపు గుమ్మం దగ్గర అమ్మాయిలను ఆపి గాజులూ గొలుసులూ తీయించేవాళ్ళెవరూ కనబడలేదు. తీయడానికి ఆ పిల్లల చేతులకు ఏమైనా ఉంటే గదా! నవ్వొచ్చింది, ఆ వెంటనే మా అత్తమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

వరంగల్‌లో ఇండస్ట్రియల్ టెక్నాలజీ చదువుతుండగానే నాకు పెళ్ళయింది. మన రోజుల్లో అంతే కదా, పెళ్ళికి చదువు అడ్డం కాదు, చదువుకే పెళ్ళి అడ్డం. మా వారిది ఆ ఊళ్ళోనే, కాశిబుగ్గలో బట్టల కొట్టు. అత్తమ్మ మాత్రం "మా కోడలు మిషన్ల సదువు సదువుతాంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది. చిక్కంతా గాజుల దగ్గర వచ్చింది. పుస్తెలతాడు కోటు లోపలికి దోపుకుంటే సరేనన్న మా వర్క్‌షాపు మాస్టారు, గాజుల చేతులతో లేత్ మిషన్ ముట్టుకోవడానికి మాత్రం ససేమిరా అన్నారు. మొగుడు బతికుండగా ఆడది ఒక్క పూటైనా బోసి చేతులతో ఉండడమేమిటని ఇంట్లో అత్తమ్మ. మిషన్ ముట్టకపోతే ప్రాక్టికల్స్ లేవు, ప్రాక్టికల్స్ లేకపోతే నా చదువు అక్కడితో సరి.

నాకసలే ముక్కు మీద కోపం. ఓ రోజు అన్నం తింటూ తింటూ, తిరిగే మిషన్‌కి గాజే కాదు, కొంగు చిక్కినా మనిషిని లోపలికి లాక్కుంటుందని గొంతు పెంచి చెప్పేశాను. అత్తమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మామయ్య ప్రమాదంలో పోయారని మాత్రమే నాకు తెలుసు. కేసముద్రం పత్తి మిల్లులో తిరుగుతున్న బెల్టు ఆయన భుజం మీది తువ్వాలను పట్టి లాగిందని ఆ పూటే ఆమె నోట విన్నాను.

తెల్లారి నేను కాలేజీకి బయలుదేరుతుంటే అత్తమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, ఒక్కటీ చిట్లకుండా నా మట్టిగాజులన్నీ తీసింది. తీసి గూట్లో పెడుతుందనుకున్నాను. మామయ్య పోయినప్పటి నుంచీ బోసిగా ఉన్న తన చేతులకు తొడుక్కుంది!

"ఇదేంది అత్తమ్మా, వాడకట్టోళ్ళు ఏమనుకుంటరు?" అని నేను బిత్తరపోయాను.

"అనుకోనియ్యి బిడ్డా. నువ్వొచ్చేదాక నీ గాజులు నా చేతులకుంటయి. నువ్వు జర పైలంగ పోయి పైలంగ రా" అంది.

వాడకట్టు అననే అంది. నల్లా దగ్గర ఆడవాళ్ళు మూతులు తిప్పారు, అత్తమ్మ సొంత ఆడబిడ్డే వచ్చి నానా మాటలూ అని పోయింది. అత్తమ్మ ఫికరు చేయలేదు. వర్క్‌షాపు ఉన్న రోజల్లా వంటింట్లో ఆమె చేతులు గలగలమంటుండేవి, సాయంత్రం నేను గడపలో అడుగు పెట్టగానే తీసి నాకు తొడిగేది.

అలా చదువు పూర్తయింది, ఓ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఉద్యోగమూ వచ్చింది. మొదటి జీతం అందగానే ఆమె కోసం ప్రత్యేకంగా ఆకుపచ్చ గాజులు కొనుక్కెళ్ళాను. వాటిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని నిమిరి, "నాకెందుకు బిడ్డా ఇప్పుడు? నీ సదువైపాయె గదా" అని నా చేతులకే తొడిగేసింది.

మా వారు పోయాక కూడా నేను గాజులు మానలేదు. ఇప్పుడు మా వీధిలో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, మూతి తిప్పేవాళ్ళే లేరు. కాలం మారింది, మంచికే మారింది. కానీ పొద్దున్నే గాజులు తొడుక్కునేటప్పుడల్లా, లోకాన్ని లెక్కచేయని ఆ మహాతల్లి నా కోసమే తప్ప తన కోసం ఒక్కనాడూ వాటిని వేసుకోలేదే అని మనసు కలుక్కుమంటుంది.